కాసిం రజ్వీ: రెండు తీర్పుల మధ్య

1970 జనవరిలో సయ్యద్ కాసిం రజ్వీ కరాచీలో మరణించేనాటికి ఆయన నడిపిన ఉద్యమం కూలిపోయి ఇరవై ఒక్క ఏళ్ళు దాటింది. లాతూరులో వకీలుగా జీవితం ప్రారంభించి, 1946 చివర మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడై, రెండేళ్ళ లోపలే హైదరాబాద్ సంస్థానం తలరాతను తన చేతిలోకి తీసుకున్న వ్యక్తి ఆయన. 1948 సెప్టెంబరులో అరెస్టయ్యారు. బీబీనగర్ దోపిడీ కేసులో ఏడేళ్ళ శిక్ష పడింది. 1953లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో ఆయన అప్పీలును కొట్టివేసింది. 1957 సెప్టెంబరులో విడుదలై, మజ్లిస్ బాధ్యతను అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించి పాకిస్తాన్ వెళ్ళిపోయారు. ఇంతవరకు వివాదం లేదు. ఈ మనిషి ఏమిటి అన్న ప్రశ్న దగ్గర మాత్రం గ్రంథకర్తలు రెండుగా చీలిపోతారు. ఈ రెండు పక్షాలలో ఏదీ ముస్లిం పాఠకునికి అక్కరకు వచ్చేది కాదు.

మొదటి పక్షం గ్రంథాలు తొందరగా వచ్చాయి. వి. పి. మీనన్ సంస్థానాల విలీనం గురించి వ్రాసిన గ్రంథం 1956లోనూ, కె. ఎం. మున్షీ 'ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా' 1957లోనూ వెలువడ్డాయి. మీనన్ రాష్ట్రాల మంత్రిత్వశాఖ కార్యదర్శి. మున్షీ హైదరాబాద్‌లో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్. ఇద్దరూ వ్యవహారంలో పక్షస్థులు. రెండవ పక్షానికి ముఖ్యగ్రంథం ఆనాటి ప్రధాని మీర్ లాయక్ అలీ వ్రాసిన 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్'. అది 1962లో కరాచీలో అచ్చయింది. లాయక్ అలీ కూడ పక్షస్థుడే. అంటే వాది ఒక కథ వ్రాశాడు, ప్రతివాది మరొక కథ వ్రాశాడు. తరువాత వచ్చిన జనాదరణ రచనలు చాలావరకు ఈ రెండింటిలో తమకు నచ్చిన దానిని నకలు చేశాయి. ఒకదానిలో రజ్వీ పిచ్చివాడు, రాక్షసుడు. రెండవదానిలో మిల్లతు కోసం సర్వస్వం అర్పించిన ముజాహిద్.

ఇది ఐరాలలో కూర్చున్న ముస్లింకు ఎందుకు పట్టాలి? ఈ ప్రాంతపు ముస్లింలెవరూ 1948లో నిజాం ప్రజలు కారు. కడప, బళ్ళారి సీమలను నిజాం 1800లోనే ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. చిత్తూరు వైపు నేల 1801లో ఆర్కాటు నవాబు చేతి నుండి అదే కంపెనీ చేతిలో పడింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అది మద్రాసు రాజధానిలోని జిల్లా. రజ్వీ దళాలను ఇక్కడి ముస్లిం తాతలు చూడలేదు, వారికి ఒక రూపాయి చందా ఇవ్వవలసిన అవసరం కూడ రాలేదు. అయినా 2024 మార్చిలో 'రజాకార్' అనే చలనచిత్రం విడుదలైనప్పుడు ఆ పేరు తెలంగాణ సరిహద్దు దాటి వచ్చింది. తెలుగు మాట్లాడే చోటల్లా 'రజాకారు' అన్నది ఒక చారిత్రక దళం పేరుగా కాక, ఒక మతస్థుల మీద వేసే ముద్రగా చెలామణి అవుతున్నది. ఉర్దూలో స్వచ్ఛంద సేవకుడని అర్థమున్న మాట ఇది! చేయని నేరానికి జవాబు చెప్పవలసి వచ్చిన వాడు సాధారణంగా రెండు తప్పులలో ఒకటి చేస్తాడు: ఆ మనిషి పేరు వినగానే తల దించుకుంటాడు, లేదా పంతానికి పోయి అతన్ని వెనకేసుకొస్తాడు. ఈ రెండవ తప్పు ఇప్పుడు యువకులలో కనిపిస్తున్నది. అందుకే ఈ విచారణ.

ఐరాల మండలంలోని కాణిపాకం ప్రమాణాలకు పేరు పొందిన క్షేత్రం. అక్కడ అబద్ధపు ప్రమాణం చేయటానికి పొరుగు హిందువు జంకుతాడు. ముస్లింకు సాక్ష్యం విషయమై వేరే కట్టడి ఉన్నది. అన్నిసా సూరా 135వ ఆయత్ న్యాయసాక్ష్యం తమకూ, తల్లిదండ్రులకూ, దగ్గరి బంధువులకూ వ్యతిరేకంగా పోయినా సరే పలకాలని విశ్వాసులకు విధిస్తున్నది. అల్ మాయిదా 8వ ఆయత్ మరొక వైపు నుండి అదే కట్టడి చేస్తున్నది: ఒక జాతి మీది ద్వేషం న్యాయం తప్పేటట్లు చేయకూడదు. మొదటి ఆయత్ రజ్వీ అభిమానులకు, రెండవది ఆయనను అడ్డుపెట్టుకుని ఒక మతస్థులందరినీ తిట్టేవారికి సరిగ్గా వర్తిస్తుంది. ఈ కొలతతోనే రజ్వీని తూచాలి.

ముందు ఆయన పక్షాన చెప్పదగినది చెప్పుకోవాలి. 1947లో బ్రిటిష్ సార్వభౌమాధికారం తొలగిపోయినప్పుడు సంస్థానాధీశులకు చట్టరీత్యా ఏదో ఒక ఎంపిక ఉన్నదని వాదించినవాడు నిజాం ఒక్కడే కాడు. తిరువాన్కూరు దివాను కూడ అదే వాదించాడు. ఆ ఏడాది ఉత్తరాదిలో జరిగిన ఊచకోతల నుండి ప్రాణాలు దక్కించుకుని హైదరాబాద్ చేరిన కాందిశీకుల నోటి వెంట వినిపించిన కథలు భయాన్ని పుట్టించినవి. ఆ భయం బూటకం కాదు. సరిహద్దు శిబిరాల నుండి జరిగిన దాడులు, సంస్థానం మీద బిగించిన ఆర్థిక దిగ్బంధం కూడ నిజమే. మున్షీ, మీనన్‌ల గ్రంథాలు వీటిని మసకగా చూపి వదిలివేస్తాయి. లాయక్ అలీ మంత్రివర్గంలో పింగళి వెంకటరామారెడ్డి ఉపప్రధాని అనీ, దళిత నాయకుడు బి. ఎస్. వెంకట్రావు మంత్రి అనీ, ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన హైదరాబాద్ ప్రతినిధివర్గంలో శ్యామ్‌సుందర్ ఉన్నాడనీ చెబితే నేటి సినిమా ప్రేక్షకుడు నమ్మడు. స్వతంత్ర హైదరాబాద్ కోరినవారంతా ముస్లింలు కారు, ముస్లింలంతా దానిని కోరలేదు.

కాని భయం నిజమైనంత మాత్రాన నాయకత్వం సరైనది కాబోదు. 1941 జనగణన ప్రకారం సంస్థానంలో కోటీ అరవై మూడు లక్షల మంది ఉండగా వారిలో ముస్లింలు సుమారు పదమూడు శాతం. ఈ లెక్క రజ్వీకి తెలుసు. అయినా పదమూడు శాతం ప్రభుత్వం శాశ్వతంగా నిలబడాలని ఆయన కోరారు. ఆ కోరికకు సిద్ధాంతపు పునాది ఆయన వేసింది కాదు, బహదూర్ యార్ జంగ్ కాలంనాటి 'అనల్ మలిక్' నినాదం వేసింది. అనగా 'నేనే రాజును': హైదరాబాద్ ముస్లిం ప్రతివాడూ రాజ్యాధికారంలో భాగస్వామి, నిజాం సింహాసనం ఆ సమష్టి అధికారానికి చిహ్నం మాత్రమే అని దాని తాత్పర్యం. 1944 జూన్‌లో మరణించిన బహదూర్ యార్ జంగ్ మహావక్త, నిజాయితీపరుడు. ఆయన వ్యక్తిగత త్యాగాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయినా ఈ నినాదాన్ని తప్పుపట్టవలసి ఉన్నది. దానిని ధార్మిక దృష్టితో పరీక్షించిన రచన లాయక్ అలీ పక్షం నుండి రాకపోవటం ఆశ్చర్యమే.

అధికారం అల్లాహ్‌ది అని నమ్మే ఉమ్మత్ నోట 'నేనే రాజును' అన్న మాట ఎలా ఒదిగింది? తౌహీద్ బోధించేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒక వంశపు కిరీటాన్ని కాపాడటం దీన్ పనిగా చెప్పటానికి ఖుర్ఆన్‌లో గాని, సున్నత్‌లో గాని ఆధారం లేదు. ఖిలాఫతె రాషిదా ఏ కుటుంబానికీ వారసత్వపు ఆస్తిగా ఇవ్వబడలేదు. పైగా ఈ అధికారంలో వాటా లభించింది జన్మతః ముస్లిం అయినవానికే గాని, న్యాయం చేసేవానికి కాదు. అక్రమంలో కూడ తన వర్గాన్ని సమర్థించటాన్ని మహాప్రవక్త (సల్లం) 'అసబియ్యత్' అని గర్హించారు. 'అనల్ మలిక్' ఆ అసబియ్యత్‌కు ధార్మిక వస్త్రం తొడిగింది. రజ్వీ ఆ వస్త్రం చేతికి తుపాకి ఇచ్చారు.

ఆ కిరీటం పూర్వచరిత్ర కూడ ఇక్కడ గుర్తుకు రావాలి. రజ్వీని టిప్పు సుల్తాన్ వారసుడిగా పొగిడేవారున్నారు. ఈ పోలిక చిత్తూరు జిల్లావారి ముందు నిలవదు. హైదర్ అలీ 1782 డిసెంబరులో ఈ జిల్లాలోనే, చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో, కంపెనీతో యుద్ధం జరుగుతుండగా కన్ను మూశాడు. ఆయన కొడుకు 1799లో శ్రీరంగపట్నం కోట దగ్గర నేలకొరిగినప్పుడు నిజాం సైన్యం కంపెనీ పక్షాన ఉన్నది. ఆ విజయంలో దక్కిన భూములనే నిజాం మరుసటి ఏడాది కంపెనీకి దత్తం చేశాడు. ఆసఫ్‌జాహీ జెండాను విదేశీ ప్రభుత్వంపై ముస్లింల ప్రతిఘటనకు గుర్తుగా ఎత్తిపట్టటం కంటే విడ్డూరం ఏమున్నది?

1947 అక్టోబరు చివర జరిగినది రజ్వీ నాయకత్వపు స్వభావాన్ని తేటతెల్లం చేసింది. ఛత్తారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఢిల్లీతో నెలల తరబడి చర్చించి యథాతథ ఒప్పందపు ముసాయిదాను తెచ్చారు. నిజాం కార్యనిర్వాహక మండలి దానిని ఆమోదించింది. వారు తిరిగి ఢిల్లీకి బయలుదేరవలసిన వేళ మజ్లిస్ గుంపులు వారి ఇళ్ళను చుట్టుముట్టాయి. ప్రతినిధివర్గం ఆగిపోయింది, ఛత్తారీ నవాబు రాజీనామా చేశాడు. ఇంకా మంచి షరతులు సాధిస్తామన్నారు రజ్వీ. నవంబరు 29న సంతకమైన ఒప్పందం దాదాపు పాత ముసాయిదాయే! ఒక నెల గడువులో లాభించినది ఏమీ లేదు. పోయినది మాత్రం ఉన్నది: చర్చలు తెలిసిన మనుషులు పోయారు. అంతకు ముందే, మే నెలలో, మీర్జా ఇస్మాయిల్ దివానుగిరి వదిలి వెళ్ళాడు. ఆయన కూడ మజ్లిస్‌కు పనికిరాలేదు. లాయక్ అలీ పుస్తకం అక్టోబరు రాత్రి ఘటనను ప్రజల సహజ ఆవేశంగా వర్ణిస్తుంది. ఎన్నుకోబడని గుంపు ఒక ప్రభుత్వపు నిర్ణయాన్ని వీధిలో రద్దు చేసిందన్న మాట ఆ వర్ణన కింద దాగిపోయింది.

గ్రామాలలో ఈ 'ముస్లిం రాజ్యం' ఎవరికి కాపలా కాసిందన్నది ఇంకా ముఖ్యం. తెలంగాణ రైతు వెట్టిచాకిరి చేసింది దేశ్‌ముఖులకు. వారిలో అత్యధికులు హిందువులు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపినది విసునూరు దేశ్‌ముఖు మనుషులు. అంతకు పూర్వం అదే దేశ్‌ముఖు మీద భూమి కోసం పోరాడి హతుడైన షేక్ బందగీ ముస్లిం రైతు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వ్రాసిన తెలంగాణ పోరాట గ్రంథంలో రజాకార్లు, దేశ్‌ముఖులు ఒకే పక్షాన ఊళ్ళ మీద పడిన వైనం పేజీల కొద్దీ ఉన్నది. సుందరయ్య కూడ తన పార్టీ లెక్కకు లోబడినవాడే, ఆ సంగతి మరువకూడదు. కాని ఈ అంశంలో ఆయన చూపిన వర్గచిత్రాన్ని లాయక్ అలీ ఖండించలేదు, అసలు ముట్టుకోలేదు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నవలలో కనిపించే పీడకుడు సైతం గడీలోని దొరయే. ఈ లెక్కన రజ్వీ సిపాయిలు కాపాడినది షేక్ బందగీని చంపించినవారి గడీలను. మిల్లతు రక్షణ అన్న మాట ఇక్కడికి వచ్చేసరికి అర్థం కోల్పోతుంది. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో బురుజు కింద పడిన శవాలు రైతులవి, చేతివృత్తుల వారివి.

రజ్వీ ప్రసంగాల సంగతి. ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ పతాకం, నిజాం పాదాలు కడిగే బంగాళాఖాతం మొదలైన మాటలు 1948 వసంతంలో పత్రికలకెక్కాయి. వాటి పాఠం సరైనదేనా అన్న వాదన అప్పుడే వచ్చింది. అభిమానులు ఈ ఒక్క సందేహాన్ని పట్టుకుని మొత్తం నిందను కొట్టివేయజూస్తారు. ఇది వకీలు వాదన. ఒక వాక్యం నిజమో కాదో తేలకపోయినా, ఆ ప్రసంగాల వలన ఢిల్లీలో చర్చలు కోరేవారి నోరు మూతపడిందనీ, సైనిక చర్య కోరేవారికి రోజూ కొత్త ఆధారం దొరికిందనీ అందరూ ఒప్పుకుంటారు. సైన్యం లేనివాడు చక్రవర్తిలా మాట్లాడాడు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశిస్తే అయిదు రోజులలో అంతా ముగిసింది.

ముస్లింలలో అడ్డు చెప్పినవారు లేరా? ఉన్నారు. అభిమాన రచనలు వారిని ద్రోహులని ఒక వాక్యంలో దాటేస్తాయి, ద్వేష రచనలు వారిని అసలు లెక్కలోకే తీసుకోవు. తహసీల్దారు ఉద్యోగం వదులుకున్న ఫరీద్ మీర్జా, బాకర్ అలీ మీర్జా తదితరులు మొత్తం ఏడుగురు ముస్లిం ప్రముఖులు 1948 ఆగస్టులో ఒక ప్రకటన మీద సంతకం చేశారు. రజాకార్ దళాలను రద్దు చేయాలనీ, భారతదేశంలో చేరాలనీ అందులో కోరారు. 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక దానిని ప్రచురించింది. దాని సంపాదకుడు షోయబుల్లా ఖాన్ యువకుడు. ఆగస్టు 21 రాత్రి పత్రిక కార్యాలయం నుండి ఇంటికి వెళ్తుండగా దుండగులు ఆయనను కాల్చి, రాసే చేతిని నరికారు. తెల్లవారేసరికి ఆయన మరణించారు. సత్యసాక్ష్యం అన్న మాటకు ఆ రోజులలో హైదరాబాద్‌లో దొరికే ఉదాహరణ ఇదే. దీనిని చూపించటానికి ముస్లిం పత్రికలు వెనుకాడటం వింత.

రజ్వీ పతనం తరువాత నింద పంపకం కూడ విచిత్రంగా సాగింది. సెప్టెంబరు 23న నిజాం రేడియోలో మాట్లాడుతూ, ఒక చిన్న ముఠా తనను నిస్సహాయుడిని చేసి ఈ పని చేయించిందన్న ధోరణిలో నెపమంతా రజ్వీ మీదికి నెట్టాడు. స్వతంత్రం ప్రకటిస్తూ 1947 జూన్‌లో ఫర్మానా జారీ చేసినవాడు ఆయనే. 1950లో రాజప్రముఖ్ పదవి కూడ ఆయనకే దక్కింది. వకీలుకు జైలు, రాజుకు బిరుదు. మున్షీ పక్షానికి ఈ ఏర్పాటు సుఖంగా ఉన్నది; నిజాం అభిమానులకు కూడ సుఖంగానే ఉన్నది. ఈ ఒక్క విషయంలో మాత్రం రజ్వీకి అన్యాయం జరిగింది.

శిక్ష ఎవరికి పడిందన్నది ఇక చూడాలి. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో కూడిన సద్భావ బృందం నవంబరు, డిసెంబరు మాసాలలో సంస్థానం తిరిగి నివేదిక ఇచ్చింది. పోలీసు చర్య నాడూ, ఆ తరువాతా జరిగిన హత్యాకాండలో ఇరవై ఏడు వేల నుండి నలభై వేల మంది ప్రాణాలు కోల్పోయారని తక్కువలో తక్కువగా అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా నలిగిపోయాయి. ఉస్మానాబాద్ జిల్లాలోని లాతూరు రజ్వీ సొంత ఊరు. అక్కడ ఇరవై రోజులకు పైగా హత్యలు సాగాయి. పదివేల మంది ముస్లింలుండిన పట్టణంలో బృందం వెళ్ళేసరికి మూడువేల మంది మిగిలి ఉన్నారు. వెయ్యి మందికి పైగా చంపబడ్డారు, తక్కినవారు పారిపోయారు. ఈ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల తరబడి వెలుగు చూడనీయలేదు. 1988లో ఒమర్ ఖాలిదీ సంపాదకత్వంలో వచ్చిన 'హైదరాబాద్: ఆఫ్టర్ ది ఫాల్' దానిలోని భాగాలను పాఠకుల ముందుంచింది. పూర్తిగా అందించినది 2013లో ఎ. జి. నూరానీ గ్రంథం. మున్షీ పుస్తకం ఈ శవాల పక్క నుండి తల తిప్పుకుని వెళ్ళిపోయింది. ఇది ఆ పుస్తకానికి పెద్ద కళంకం. అయితే లాతూరు కచ్ఛీ వర్తకుని ఇల్లు తగలబడేనాటికి ఆయన తరఫున ప్రతిజ్ఞలు చేసిన నాయకుడు ఎక్కడున్నాడన్న ప్రశ్న రజ్వీ అభిమానులకు కూడ వేయవలసినదే. ఒకరి భారం మరొకరు మోయరన్నది దైవన్యాయం. 1948 శరదృతువులో మరాఠ్వాడా ముస్లింలు మోసినది మరొకరి భారమే.

ఇతర దేశాల్లో ఇటువంటి నాయకుల గతి ఒకే విధంగా లేదు. కటాంగాను 1960లో కాంగో నుండి చీల్చిన మోయిస్ షోంబే 1969లో అల్జీరియాలో బందీగానే మరణించాడు. 1967లో బియాఫ్రాను నైజీరియా నుండి విడదీసిన ఒజుక్వుకు 1982లో క్షమాభిక్ష లభించింది. 2011లో మరణించాక సైనిక లాంఛనాలతో ఖననం జరిగింది. అక్కడ యుద్ధంలో ఆకలితో చచ్చినవారు లక్షల్లో ఉన్నా ఇబోలు ఒజుక్వు తప్పుల గురించి తమలో తాము బహిరంగంగా వాదించుకోగలుగుతున్నారు. హైదరాబాద్ విషయంలో ఆ వాదన ఇంకా లోపలి గదిలోనే ఉన్నది. బయట సెప్టెంబరు 17 పేరు మీద పార్టీలు పోటీ పడుతున్నాయి. 2022లో కేంద్రం దానిని విమోచన దినమన్నది, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవమన్నది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. ఈ పేర్లలో ఏదీ షోయబుల్లా ఖాన్‌ను గాని, లాతూరు మృతులను గాని తలచుకోదు.

సుందర్‌లాల్ బృందపు నివేదికలో ఒక భాగం ఉన్నది. ప్రాణాలకు తెగించి పొరుగు ముస్లింలను దాచిన హిందువుల సంగతి అందులో కనిపిస్తుంది. ఒకే వృత్తి చేసేవారి మధ్య ఈ కలిమి మరీ బలంగా ఉండెననీ, కొన్ని చోట్ల హిందూ సాలెవారు ముస్లిం సాలెవారిని కాపాడటానికి తమ మతస్థులనే ఎదిరించి ప్రాణాలు సైతం కోల్పోయారనీ బృందం వ్రాసింది. మరణాల లెక్క కోసం ఆ నివేదికను ఉటంకించే ముస్లిం రచయితలు ఈ భాగాన్ని వదిలివేస్తారు. నివేదికనే అబద్ధమనేవారు సహజంగానే దీనిని కూడ చదవరు. మగ్గం దగ్గర చనిపోయిన ఆ సాలెవారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.